తక్కువ చూపించే ముల్లు

మా బాబాయి ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచేవారు. చిన్నప్పుడు నేనూ తెరిచేదాన్ని కాబట్టి నాకు తెలుసు. చర్చి అంతా తల వంచుకుని ఉంటే మా ఇద్దరి చూపులూ కలుసుకునేవి. దొరికిపోయినట్టు ఆయన ఎప్పుడూ తడబడలేదు. నన్నే పట్టేసుకున్నట్టు గుడ్లురిమేవారు. బయటికొచ్చాక అడిగితే, "అందరూ ఒకేసారి కళ్ళు మూసుకునే చోట ఒకళ్ళయినా తెరిచుండాలే అమ్మాయ్. చెప్పులన్నీ బయటున్నాయి" అనేవారు.

మొన్న ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టినప్పుడు రెండు కళ్ళూ మూసి ఉన్నాయి. ఇంటి నిండా జనం, గుమ్మం ముందు గుట్టగా చెప్పులు, పాస్టరు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. ఆయన మాత్రం అంత నిశ్చింతగా పడుకుని ఉండడం నాకు నచ్చలేదు. ఆమెన్ అన్నాక కూడా కాసేపు, ఎప్పుడూ తెరిచి ఉంచే ఆ ఎడమ కన్ను వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆయన మా నాన్నగారికి స్వయానా తమ్ముడు. మొగల్తూరుకి కాస్త ఇవతల ఆయన రొయ్యల చెరువులు. రొయ్యలు పెంచేవాళ్ళకి అనుమానం ఎక్కువని ఆ వైపు అందరూ అంటారు. సీడ్ అని రొయ్యపిల్లలు అమ్మేవాడు పాతది అంటగడతాడు, మేత కంపెనీవాడు తవుడు కలుపుతాడు, కాపలావాడు కునుకు తీస్తాడు, కొనడానికొచ్చినవాడు కాటా దగ్గర చెయ్యి అడ్డం పెడతాడు. ఇవి అందరికీ ఉండే అనుమానాలే. మా బాబాయి వానని కూడా అనుమానించేవారు. ఆకాశం నల్లబడితే "ఇది మన వాన కాదులే, భీమవరం పోతుంది" అంటూనే గొడుగు చేతిలోకి తీసుకునేవారు. మబ్బునీ నమ్మరు, తన మాటనీ నమ్మరు.

ఆ వైపు రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకి లాబ్‌కి పంపుతారు. కొందరు గడుసువాళ్ళు ఒకే చెరువు నీళ్ళు రెండు సీసాల్లో పట్టి, రెండింటి మీదా వేరు వేరు చెరువుల నంబర్లు వేసి పంపుతారు. రెండు రిపోర్టులూ ఒకేలా వస్తే లాబ్‌వాడు మంచివాడు. తేడా వస్తే మర్నాటి నుంచి లాబ్ మార్చేస్తారు. మా బాబాయి ఈ పద్ధతిని మనుషుల మీద కూడా వాడేవారు. ఫలానా పెళ్ళిలో భోజనాలెలా ఉన్నాయని మా అమ్మని అడిగేవారు. ఆ సాయంత్రం అదే సంగతి ఏమీ ఎరగనట్టు నన్నడిగేవారు. అమ్మ బాగున్నాయని, నేను పులిహోరలో పులుపు ఎక్కువైందని చెబితే, అసలు మేమా పెళ్ళికి వెళ్ళామా లేదా అన్న సందేహం ఆయనకి పట్టుకునేది.

నేను కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పని చేస్తాను. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. ఈ సంగతి విన్న రోజు ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే అనుమానించడానికి నీకు జీతమిస్తారా?" అన్నారు. మా వంశంలో తన దారిలో నడిచినదాన్ని నేనొక్కదాన్నే అని ఆయన పదిమందిలోనూ చెప్పుకునేవారు. కానీ నా మాటని నమ్మాల్సి వచ్చేసరికి నన్నూ ఆ లాబ్‌వాళ్ళ పక్కనే నిలబెట్టేవారు.

ఆయన దగ్గర ఆక్సిజన్ మీటర్లు రెండుండేవి. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి, తెల్లారేసరికి పంట మొత్తం పోతుంది. అందుకని గట్టు మీద కూర్చుని ముందు ఒక మీటరు ముంచేవారు, తుడిచి జేబులో పెట్టుకుని రెండోది ముంచేవారు. రెండూ ఒకే అంకె చెబితే ఇంకా ఎక్కువ అనుమానించేవారు. వేరు వేరు చెబితే మాత్రం ఒకటే సూత్రం. "ఇద్దరు రెండు మాటలు చెప్తే తక్కువ చెప్పినోడినే నమ్మాలే. ఎక్కువ చెప్పేవాడు మనల్ని ఉబ్బేస్తున్నాడని అర్థం." తక్కువని నమ్మి నీళ్ళు చిలికే ఫ్యాన్లు వేయించేవారు. అది తప్పయినా కరెంటు ఖర్చే, పంట మాత్రం దక్కుతుంది. ఆ సూత్రం ఆయన్ని ఎన్నోసార్లు కాపాడింది. అందులో నేను వంక పెట్టడానికేమీ లేదు.

ఆయనకి కార్ల పిచ్చి పట్టడమే నేను ఊహించని సంగతి. గట్ల మీద రెండో గేరు దాటకుండా, ప్రతి మలుపులో హారన్ మీద చెయ్యి ఆనించి నడిపిన మనిషి. రొయ్యలు కొనే ఏజెంటు ఒకాయన చెన్నై వెళ్ళినప్పుడు ఈయన్ని ఊరి అవతల రేసు ట్రాకు చూడడానికి తీసుకెళ్ళాడు. పందేలు లేని కొన్ని రోజుల్లో అక్కడ మామూలు మనుషులు కూడా రుసుము కట్టి, సొంత కారు తెచ్చుకుని, ఎంత జోరుగా కావాలంటే అంత జోరుగా తిరగొచ్చు. మా బాబాయి కంచె దగ్గర నిలబడి కాసేపు చూసి అక్కడి మనిషిని అడిగారట.

"ఇక్కడ ఎదురుగా ఎవరూ రారా?"

"రారండీ. అన్ని కార్లూ ఒకే వైపు పోతాయండీ."

"గేదెలూ అవీ?"

"రావండీ."

అటు పక్కకెళ్ళి ఇంకొకాయన్ని కూడా అడిగి రూఢి చేసుకున్నారట. ఎదురు ఎవడూ రాని రోడ్డొకటి ఈ లోకంలో ఉందని తెలిశాక ఆయన ఆగలేకపోయారు. నాలుగైదు నెలల్లో ఒక పాత పెట్రోలు కారు కొన్నారు. పాస్టరు గారిని పిలిచి దానికి ప్రార్థన చేయించారు. అప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉందని మా పిన్ని చెప్పింది.

మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడే ఇంజన్ ఆయిల్ గొడవ మొదలైంది. మామూలు రోడ్డు మీద ఆయిల్ గురించి ఎవరూ ఆలోచించరు. ట్రాకు మీద తొక్కిన పెడల్ తొక్కినట్టే ఉంటుంది, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు. అప్పుడు రేడియేటరు నీళ్ళ ముల్లు ఏమీ ఎరగనట్టు మధ్యలోనే కూర్చుంటుంది, లోపల ఆయిల్ మాత్రం కాగిపోతూ ఉంటుంది. మరీ కాగితే పలచనైపోయి బేరింగుల దగ్గర పొర నిలబడదు, ఇనుముకి ఇనుము రాసుకుంటుంది. ఈ సంగతి తెలిసి ఆయన భయపడాల్సింది పోయి సంబరపడ్డారు. "చూశావా, పైకి చల్లగా కనపడతా లోపల ఉడికిపోతోందన్నమాట. నేనెప్పుడూ చెప్పేదదే కదే" అన్నారు. జనమంతా అలాంటివాళ్ళేనని ఆయన సిద్ధాంతం. ఇంజన్ కూడా ఆ జాబితాలో చేరింది.

దానికి విరుగుడు ఆయిల్ కూలర్. ముందు బంపరు వెనక చిన్న రేడియేటరు లాంటిది బిగిస్తారు. ఇంజన్లో ఆయిల్ గొట్టంలోంచి అక్కడికొచ్చి, ఎదురుగాలికి చల్లబడి, మళ్ళీ లోపలికి పోతుంది. ఇది నేను చెప్పగానే ఆయనకి కొత్త అనుమానం వచ్చింది.

"మన ఆయిలు మన ఇంజను వదిలేసి బయటికెళ్ళి తిరిగొస్తాదంటున్నావు."

"అవును బాబాయ్."

"మొత్తం తిరిగొస్తాదని గ్యారంటీ ఏంటి?"

కూలర్ బిగించిన పాలకొల్లు మెకానిక్‌కి ఈ ప్రశ్న ఎన్నిసార్లు ఎదురైందో దేవుడికే తెలియాలి. ప్రతిసారి కారు ఆపగానే బాబాయి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ బయటికి లాగి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ ముంచి, ఎండ వైపు పట్టి చూసేవారు. ఒక్క చుక్క తగ్గినా మెకానిక్‌కి ఫోను వెళ్ళేది.

రొయ్యల మనిషి బుద్ధి ఇంకోసారి బయటపడింది. రొయ్యలు పట్టినప్పుడు థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి పంపుతారు కదా, ఆయిల్‌కి మాత్రం ఐసు ఎందుకు పనికిరాదని ఆయనకి అనిపించింది. ఒకసారి లారీలో కారుతో పాటు ఐసు పెట్టెలు కూడా ఎక్కించుకుని చెన్నై వెళ్ళారు. కూలర్ చుట్టూ గోనెపట్టా చుట్టి అందులో ఐసు కూరారు. ఆయిల్ కాసేపు చల్లగానే ఉందిట. ఐసు కరిగి నీళ్ళు దారి పొడవునా కారి, వెనక వచ్చే కార్లు జారేలా ఉన్నాయని ట్రాకువాళ్ళు జెండా ఊపి బయటికి పంపించేశారు. ఆ నీళ్ళకి రొయ్యల వాసన కూడా ఉందని వాళ్ళు వేరుగా చెప్పారు. బాబాయి ఇంటికొచ్చి మాతో అన్నది మాత్రం, "వెనక ఎర్రకారు వాడు పితూరీ చెప్పుంటాడు" అని.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. అసలు గొడవ రెండో ముల్లు పెట్టించినప్పుడు వచ్చింది.

కారులో మొదట ఉన్న ఆయిల్ మీటరు కింద చాంబర్లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోట వేడి ఎంతో చెబుతుంది. అది ఒక్కటే ఉండడం బాబాయికి మనస్కరించలేదు. ఇంకోటి పెట్టమన్నారు. మెకానిక్ తనకి వీలైన చోట, కూలర్ నుంచి వెనక్కి వచ్చే గొట్టం దగ్గర సెన్సరు బిగించి, రెండో ముల్లుని మొదటిదాని కింద అమర్చాడు. చల్లబడి వస్తున్న ఆయిల్ దగ్గర పెట్టాక అది తక్కువ చూపించక ఏం చేస్తుంది?

ఈ సంగతి నేను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.

"రెండూ నిజమే బాబాయ్. పైది ఇంజన్లో ఉన్న ఆయిల్, కిందది చల్లబడి వచ్చేది. నువ్వు చూడాల్సింది పైదే."

"రెండూ నిజం ఎలా అవుతాయే? ఇద్దరు రెండు మాటలు చెప్తే ఒకడు దొంగ."

"ఇద్దరూ వేరే వేరే చోట నిలబడి చూస్తున్నారు."

"అయితే మరీ నమ్మకూడదు" అన్నారు, బొమ్మ గీసిన కాగితం నాకు తిరిగిచ్చేస్తూ. "తక్కువ చెప్పేవాడే నిజం. ఇన్నేళ్ళ నుంచి అది తప్పలేదు."

నీళ్ళలో ఆక్సిజన్ తక్కువైతే ప్రమాదం, ఇంజన్లో వేడి ఎక్కువైతే ప్రమాదం. చెరువులో తక్కువ చూపించే మీటరు మనల్ని హెచ్చరిస్తుంది, కారులో తక్కువ చూపించే మీటరు జోకొడుతుంది. ఆయన లెక్క తిరగబడిందని చెప్పాను, అరిచి కూడా చెప్పాను. గట్టు మీద పనివాళ్ళు మేత చల్లడం ఆపి మా వైపు చూశారు. ఆయన నా మొహంలోకి చూసిన చూపు ఇంకా గుర్తుంది. నాకు ఆ పైముల్లు మీద ఏదో స్వలాభం ఉందేమో అన్నట్టు చూశారు.

అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల. ఆయన జన్మలో ఒక్కసారైనా నేను చెప్పింది నేను చెప్పినందుకు నమ్మాలి. ఇంకొకళ్ళని అడగకుండా, ఇంకో మీటరు చూడకుండా నమ్మాలి. నాకు ఆ కారు అక్కర్లేదు, ఆ ట్రాకు అక్కర్లేదు. నన్ను చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించిన మనిషి నన్ను లాబ్‌వాడి కింద జమ కట్టడం నేను భరించలేకపోయాను.

తర్వాతసారి ట్రాకుకి నన్నూ రమ్మన్నారు. నమ్మకంతో పిలిచారనుకుంటే పొరపాటు. తను నడుపుతుంటే పక్కన కూర్చుని ముళ్ళు చదవడానికి మనిషి కావాలి, అంతే. ఎండ మండిపోతోంది. హెల్మెట్‌లో ఆయన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, రెండూ తెరిచే ఉన్నాయి. మొదట్లో అంతా బాగుంది. నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. మలుపుల్లో ఆయన "హే!" అంటూ చిన్నపిల్లాడిలా కేక వేస్తున్నారు. అంతలో పైముల్లు ఎర్రగీత వైపు లేవడం మొదలుపెట్టింది.

"బాబాయ్, పైది ఎక్కువైపోతోంది. ఆపు."

"కిందదెంత?"

"కిందది వదిలెయ్. ఆపు."

"కిందదెంతంటే చెప్పవేంటే?"

"మధ్యలోనే ఉంది. బాబాయ్, ఆపమన్నానా!"

"మధ్యలో ఉంది కదా మరి. కూర్చో."

ఇంకో చుట్టు తిరిగారు. పైముల్లు ఎర్రగీత దాటింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని గుంజాను. విదిలించారు. ఆ తర్వాత మలుపు దగ్గర ఇంజన్ లోపల టకటకమని మొదలై, ఎవరో సుత్తి పెట్టి కొట్టినట్టు పెద్దదైంది. బాబాయి కాలు తీసేశారు. కారు తనంతట తనే పక్కకి దొర్లి గడ్డిలో ఆగింది. ముందు నుంచి పొగ వాసన వస్తోంది. కిందముల్లు ఇంకా మధ్యలోనే ఉంది.

ఇంజన్ విప్పిన పాలకొల్లు మెకానిక్ బేరింగులన్నీ గీసుకుపోయాయని చెప్పాడు. ఇక మా బాబాయి అనుమానాలు ఊరి మీద పడ్డాయి. ఆయిల్ డబ్బా కల్తీదన్నారు. ఆ షాపుకి వెళ్ళి సీలు చూపించమన్నారు, వాళ్ళ గోడౌను చూస్తానన్నారు. కూలర్ గొట్టం మెకానిక్ తలకిందులు బిగించాడన్నారు. ట్రాకువాళ్ళు ఐసు నాటి కక్ష పెట్టుకున్నారన్నారు. చివరికి నా వంతు వచ్చింది. "నువ్వు పక్కన కూర్చుని కేకలేస్తే గేరు తప్పాను. అదీ కారణం" అన్నారు మా పిన్ని ముందే. పిన్ని తలుపు వారకి జరిగి నిలబడింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. కాకినాడ బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపది.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. క్షేమసమాచారాలు అడుగుతారు, మా ఆఫీసు సంగతి అడుగుతారు, నాన్న కాలినొప్పి సంగతి అడుగుతారు. పెట్టేసే ముందు ఏదో యథాలాపంగా గుర్తొచ్చినట్టు, "ఆ రోజు టకటక మొదలవకముందు పైముల్లు ఎక్కడుందన్నావ్?" అంటారు. ఎర్రగీత దాటిందని చెబుతాను. కొన్నాళ్ళాగి మళ్ళీ ఫోను. ఈసారి "పైముల్లు అప్పటికి గీత దాటలేదు కదా?" అని వేరే వైపు నుంచి వస్తారు. దాటిందని చెబుతాను. ఇంకోసారి మా అమ్మకి ఫోను చేసి, అమ్మాయి ఆ రోజు సంగతి నీతో ఏమని చెప్పిందని అడిగారట. ఒకే చెరువు నీళ్ళు, సీసాల మీద నంబర్లు వేరు. నేనెప్పుడు మాట మారుస్తానా అని ఆయన కాచుక్కూర్చున్నారు. నేనూ మొండిదాన్నే. ప్రతిసారి అవే మాటలు చెప్పాను.

చివరిసారి అడిగినప్పుడూ అదే జవాబు చెప్పాను. ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. చెరువులో ఫ్యాన్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. "సరేలే" అని అప్పుడు పెట్టేశారు. ఆ "సరేలే"ని కూడా నేను అనుమానించాను. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరైనా అనుమానిస్తారు.

ఆ పంట పట్టాక ఇంజన్ కొత్తగా కట్టించారు. నాకు కబురు చేశారు.

"ఈసారి నువ్వు నడుపు."

"నువ్వో?"

"నేను పక్కన కూర్చుంటాను. కిందముల్లు పీకించేశాను."

నేను నమ్మలేదు. వెళ్ళి చూస్తే నిజంగానే పీకించేశారు. కిందముల్లు ఉన్న చోట గుండ్రటి కన్నం ఉంది, దానికి నల్ల టేపు అంటించి ఉంది. మిగిలిన ముల్లు తాలూకు సెన్సరుని నేను మా ఫ్యాక్టరీ పద్ధతిలో వేడి ఆయిల్లో ముంచి సరిచూసి బిగింపించాను. ఆయన పక్కనే నిలబడి అంతా చూశారు గానీ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. కూలర్‌కి గాలి తిన్నగా తగిలేలా రేకు తొడుగు పెట్టించాను. వేడిగాలి బయటికి పోవడానికి దారి చేయించాను. ఆయన కారు లారీ మీద ఎక్కించుకుని అటునుంచి చెన్నై వచ్చారు, నేను కాకినాడ నుంచి రైల్లో వెళ్ళాను.

ట్రాకు మీదకి వెళ్ళేముందు పక్క సీటులో కూర్చుని బెల్టు బిగించుకుంటున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది చూశాను. అరచేతిలో పట్టే చిన్న మీటరు. వైరుండదు. ఇంజన్ దగ్గర ఎక్కడో అతికించిన సెన్సరు చెప్పిన వేడి దీని అద్దం మీద పడుతుంది. అద్దాన్ని తన వైపు తిప్పుకుని, నాకు కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి తీశాను.

అంత కోపంలోనూ ఆ కారు నాకు నచ్చింది. ఆయన ఎందుకు "హే" అని కేక వేసేవారో ఇప్పుడు అర్థమైంది. తిన్నటి దారి వచ్చినప్పుడల్లా ముల్లు చూసుకుంటున్నాను. అదే సమయంలో ఆయన తల వంచి అరచేతిలోకి చూసుకుంటున్నారు. ప్రతి చుట్టులోనూ అంతే. నేను ముల్లు చూడగానే ఆయన తల వంగుతుంది. నా మాటకి రెండో సీసా ఆ చేతిలో ఉందని నాకు అర్థమైంది. ముల్లు ఎర్రగీతకి దగ్గరవుతుండగా నేను జోరు తగ్గించాను. ఒక చుట్టు మెల్లగా, ఇంజన్‌కి గాలి తగిలేలా తిప్పి, బయటికి తీసుకొచ్చి నీడలో ఆపాను.

ఎందుకు ఆపావని ఆయన అడగలేదు. అడుగుతారని నేను జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన హెల్మెట్ తీసి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఆ మీటరుని చొక్కా జేబులో వేసుకున్నారు.

ఉండబట్టలేక నేనే అడిగాను. "నీ మీటరు ఏమంది?"

"అదీ అదే అంది" అన్నారు, నా వైపు చూడకుండా.

అంతే. ఆయన నమ్మింది జేబులో ఉన్నదాన్ని. అది నా మాటతో కలిసింది కాబట్టి ఆ పూటకి నేను పాసయ్యాను. సాయంత్రం వరకూ ఇంకా రెండుసార్లు తిప్పాను, రెండుసార్లూ నేను అనుకున్నప్పుడే ఆపాను, ఆయన నోరెత్తలేదు. ఇంకెవరైనా అయితే సంతోషించేవారేమో. నాకు మాత్రం నోరంతా చేదుగా ఉంది. రైలెక్కేటప్పుడు ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి "మళ్ళీ వస్తావా?" అన్నారు. "సెలవు దొరకాలి బాబాయ్" అన్నాను. తర్వాత రెండు మూడుసార్లు పిలిచారు. సెలవు దొరకలేదని చెప్పాను. నిజంగా దొరికిందా లేదా అని ఆయన మా అమ్మని అడిగే ఉంటారు.

ఈ మధ్య గట్టు మీదే కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె అన్నారు. ఎవరికీ ముందు తెలియలేదు. పైకి అంతా బాగానే ఉన్నట్టుంది.

నిన్న ఆదరణ కూడిక ప్రార్థనలు అయ్యాక బంధువులంతా భోజనాలకి లేచారు. పిన్ని నన్ను లోపలికి పిలిచి, బీరువాలోంచి ఆ చేతి మీటరు తీసి ఇచ్చింది.

"ఇది నువ్వు పట్టుకెళ్ళు. ఇలాంటివి నీకే పనికొస్తాయి."

నాకు తీసుకోవాలని లేదు. అయినా చేతిలో పెట్టింది కదా అని బొత్తాం నొక్కాను. అద్దం వెలగలేదు.

"సెల్సు అయిపోయినట్టున్నాయి పిన్నీ."

"అందులో సెల్సు ఎప్పుడున్నాయే?"

నేను ఆమె మొహం వంక చూశాను. పిన్ని మంచం అంచున కూర్చుని, తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మామూలుగా చెప్పింది.

"నువ్వు నడిపావు చూడు, ఆసారి. బయల్దేరేముందు కొత్త సెల్సు వేశారు. మళ్ళీ ఆయనే ఊడదీసి నా చేతిలో పెట్టారు. 'చేతిలో ఇది లేకపోతే నేనా కార్లో కూర్చోలేను. ఇది పనిచేస్తే అమ్మాయిని నడపనివ్వను. నేనడిగినా ఇవ్వకు' అన్నారు."

"అడిగారా?"

"గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. చెయ్యి చాపి అలా నిలబడ్డారు. నేను కొంగున ముడేసుకుని లోపలికొచ్చేశాను. కాసేపు అక్కడే ఉన్నారు పాపం. తర్వాత లారీ వెళ్ళిన చప్పుడైంది."

బయట ఎవరో పిన్నిని పిలిచారు. ఆమె లేచి వెళ్ళింది. నేను మీటరు వెనక మూత తీసి చూశాను. సెల్సు ఉండాల్సిన చోట ఇత్తడి స్ప్రింగులు కొత్తగా మెరుస్తున్నాయి. ఆ ఖాళీ డబ్బాని అరచేతిలో పెట్టుకుని, ప్రతి చుట్టులోనూ తల వంచి, వెలగని అద్దంలోకి చూస్తూ ఆయన నా పక్కన కూర్చున్నారు. నేను ఎప్పుడు ఆపితే అదే నిజమని కూర్చున్నారు.

ఆ మంచం మీదే కూర్చుని ఏడ్చాను. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా బాబాయ్ అని ఆయన మీద మళ్ళీ కోపమొచ్చింది. "అదీ అదే అంది" అన్నారు నాతో. ఊరందరి అబద్ధాలూ పట్టుకోవాలని బతికిన మనిషి, నాతో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. నేను నమ్మేశాను.